చేత్తో చేయించి సైన్స్ నేర్పే టీచర్లను తయారు చేయడం ఎలా?

ఇంకో ఏడాదిలోనో రెండేళ్లలోనో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్స్ చెప్పబోయే ట్రైనీలను "పిల్లలతో ప్రయోగాలు చేయించాలా వద్దా?" అని అడిగి చూడండి. అందరూ చేయించాలనే అంటారు. కృత్యాధార బోధన, అంటే పిల్లల చేత పనులు చేయించి నేర్పడం, దానివల్ల లాభాలేమిటో రాయమంటే రెండు పేజీలు నింపేస్తారు కూడా. తీరా ఉద్యోగంలో చేరాక వాళ్లే పాఠం చదివించి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయించి, జవాబులు డిక్టేట్ చేస్తుంటారు. మనసు లేక కాదు. తాము చిన్నప్పటి నుంచీ ఏ పద్ధతిలో నేర్చుకున్నారో ఆ పద్ధతే నోటికొస్తుంది, అందులోనూ ముందు నలభై మంది పిల్లలు కూర్చుని టెన్షన్‌గా ఉన్నప్పుడు.

కాబట్టి ట్రైనింగ్ ఇచ్చే మీరు ప్రయోగాల గొప్పతనం గురించి ఇంకో లెక్చర్ ఇచ్చి లాభం లేదు. ట్రైనీలు స్వయంగా, జవాబు తెలియకుండా, ఒక వస్తువుతో కుస్తీ పడి దాని సంగతి తేల్చుకోవాలి. అలాంటి అనుభవం పదే పదే దొరికితేనే పిల్లలకు ఆ అవకాశం ఇవ్వాలన్న ఆలోచన వాళ్లకి వస్తుంది, ఇచ్చే ధైర్యమూ వస్తుంది. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క పని కోసమే. వరసలో చేయండి, ముఖ్యంగా మొదటి మూడూ.

1. ముందు వాళ్లని విద్యార్థులుగా కూర్చోబెట్టండి

మొదటి వారంలోనే, థియరీ ఏదీ మొదలుపెట్టకముందే, ఇద్దరిద్దరికి ఒక 1.5 వోల్టుల సెల్లు, ఫిలమెంట్ ఉన్న ఒక చిన్న టార్చి బల్బు, రెండు కొసలా తొడుగు ఒలిచిన జానెడు వైరు ఇవ్వండి. ఒకే ఒక్క వైరు ముక్క. హోల్డరు ఇవ్వొద్దు. ఎల్ఈడీ కూడా వద్దు, దానికి ఒక్క సెల్లు చాలదు, పైగా సరైన దిక్కుగా కలిపితేనే వెలుగుతుంది కాబట్టి ఇక్కడ అనవసరపు తికమక. "బల్బు వెలిగించండి" అని చెప్పి పక్కకి తప్పుకోండి.

ఇక చూస్తూ ఉండండి. చాలామంది వైరు ఒక కొసని సెల్లు పైనున్న బుడిపెకి, రెండో కొసని బల్బు అడుగునున్న చుక్కకి ఆనిస్తారు. వెలగదు. సెల్లు అయిపోయిందేమో అంటారు, బల్బు మార్చమంటారు, ఇంకో వైరు కావాలంటారు. వీళ్లంతా సర్క్యూట్ బొమ్మని బోర్డు మీద చకచకా గీసేయగలిగినవాళ్లే. బొమ్మలో బల్బుకి రెండు కొసలు విడివిడిగా కనిపిస్తాయి, చేతిలో ఉన్న బల్బుకి అలా కనిపించవు, చిక్కంతా అక్కడే. అడుగునున్న చుక్క ఒక కొస, పక్కన చుట్టూ ఉన్న లోహపు తొడుగు రెండో కొస, ఫిలమెంట్ ఒక చివర దీనికీ ఇంకో చివర దానికీ వచ్చి కలుస్తుంది అన్న సంగతి బల్బుని కళ్ల దగ్గర పెట్టుకుని తిప్పితిప్పి చూస్తేగానీ తట్టదు. చివరికి ఎవరో ఒకరు బల్బుని నేరుగా సెల్లు బుడిపె మీద నిలబెట్టి, వైరుతో సెల్లు అడుగునీ బల్బు పక్కనీ కలిపేస్తారు. వెలుగుతుంది. అప్పుడు వాళ్ల మొహాలు చూడండి, డిగ్రీలు చేసిన పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా అరుస్తారు.

అక్కడితో ఆపకండి. "ఇంకో రకంగా వెలిగించి చూపించండి" అనండి. సెల్లుని తిరగేసి, బల్బు అడుగుకి బదులు పక్కని ఆనించి, అలా మార్చుకుంటూ పోతే మొత్తం నాలుగు రకాలుగా కుదురుతుంది, కానీ ఆ సంఖ్య మీరు చెప్పొద్దు. వెలిగినవీ వెలగనివీ అన్నీ బొమ్మలు గీయించండి, ఎందుకంటే వెలగని బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే "దారి ఎక్కడో తెగింది" అన్న మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే చెప్పండి: సెల్లు రెండు కొసలనీ వైరుతో నేరుగా కలిపితే వైరు వేడెక్కుతుంది, వేలికి చురుక్కుమనగానే వదిలేయాలి. గోడ ప్లగ్గులోని కరెంటు జోలికి ఎప్పుడూ, ఏ కారణంతోనూ వెళ్లకూడదు.

అయిపోయాక సామాను పక్కన పెట్టించి ఒక పావుగంట మాట్లాడండి. ఎక్కడ ఇరుక్కున్నారు? నా వంక చూసినప్పుడు ఏం ఆశించారు? ఆ క్షణంలో నేను జవాబు చెప్పేసి ఉంటే ఏం పోయేది? ఈ మూడో ప్రశ్న దగ్గర ఎక్కువ సేపు ఉండండి. నా లెక్కలో ట్రైనింగ్ మొత్తంలో ఇంతకంటే విలువైన పావుగంట ఇంకోటి లేదు.

"మాకే రాలేదంటే ఎంత సిగ్గుచేటు" అని కొందరు ముడుచుకుపోతారు. వాళ్లకి ఈ సంగతి చెప్పండి: 1987లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ కోసం హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం రోజున అక్కడి పట్టభద్రులు, పూర్వ విద్యార్థులు, అధ్యాపకుల్లో 23 మందిని ఆపి, రుతువులు ఎందుకు మారతాయి, చంద్రుడి ఆకారం ఎందుకు మారుతుంది అని అడిగితే 21 మంది తడబడ్డారు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందని చాలా ధీమాగా తప్పు చెప్పినవాళ్లున్నారు. చదువుకున్నంత మాత్రాన ఇలాంటి తప్పు నమ్మకాలు పోవు.

2. తలల్లో ముందే ఉన్న జవాబుల్ని బయటికి తీయండి

పిల్లలు ఖాళీ బుర్రతో క్లాసుకి రారు. బరువైన వస్తువు ముందు పడుతుంది, మరిగే నీళ్లలో వచ్చే బుడగలు గాలి, బల్బు కరెంటుని తినేస్తుంది, భూమి నీడ పడటం వల్ల చంద్రుడు సన్నబడతాడు, ఇలా అన్నిటికీ వాళ్ల దగ్గర సొంత జవాబులుంటాయి. ఆ జవాబుల్లో కొన్ని మీ ట్రైనీల దగ్గర కూడా ఉంటాయి, అదే అసలు ఇబ్బంది.

ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. చిన్న గింజ నుంచి అంత పెద్ద చెట్టు వచ్చింది కదా, దాని బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరితో ఏమీ మాట్లాడకుండా కాగితం మీద రాయమనండి. ఎక్కువగా "మట్టి నుంచి, పోషకాల నుంచి" అనే వస్తుంది, కిరణజన్య సంయోగక్రియ సమీకరణం కంఠతా వచ్చినవాళ్ల దగ్గర్నుంచి కూడా. ఇప్పుడు పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ కథ చెప్పండి. ఆయన సుమారు 90 కిలోల ఎండిన మట్టి తూచి కుండీలో పోసి, రెండున్నర కిలోలు కూడా లేని విల్లో మొక్క నాటి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. ఐదేళ్లకి చెట్టు దాదాపు 77 కిలోలైంది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది. అయితే ఆయన తేల్చిందేమిటి? చెట్టు మొత్తం నీళ్ల నుంచే వచ్చిందని! గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆయన లెక్కలోకి రాలేదు.

ఇక్కడ ట్రైనీలని ఆపి, "ఆయన చూసినదేది, అనుకున్నదేది?" అని అడగండి. బోర్డుని నిలువుగా రెండు భాగాలు చేసి విడివిడిగా రాయించండి. చూసినది ఒకటి, దాన్నుంచి అనుకున్నది ఇంకొకటి అని విడదీసే అలవాటు ఇక్కడ పడితే తర్వాత ప్రతి ప్రయోగంలోనూ పనికొస్తుంది. చూసింది పూర్తిగా కరెక్టే అయినా, ఐదేళ్లు ఓపిక పట్టినా, నిర్ణయం తప్పు కావచ్చు.

దీనికి తోడు ఒక హోంవర్క్. ప్రతి ట్రైనీ, తాను చెప్పబోయే ఏదో ఒక పాఠం మీద, ఆ వయసు పిల్లలు ముగ్గురితో విడివిడిగా పది నిమిషాలు మాట్లాడి రావాలి. బోధించకూడదు, సరిదిద్దకూడదు, "అవునా, ఎందుకలా అనుకుంటున్నావు?" తప్ప ఇంకేమీ అనకూడదు. పిల్లలు అన్నది అన్నట్టే రాసుకురావాలి. సరిదిద్దకుండా పది నిమిషాలు కూర్చోవడం వాళ్లకి ఎంత కష్టమో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ కాగితాలు దాచండి, లెసన్ ప్లాన్ రాసేటప్పుడు బయటికి తీయాలి.

3. ముందు ఊహించడం, తర్వాత చూడటం, ఆ తర్వాత వివరించడం

చేతులు కదులుతున్నాయి కాబట్టి నేర్చుకుంటున్నారు అనుకుంటే పొరపాటే. చూడటానికి చాలా చురుగ్గా ఉండి, బుర్రకి ఏ పనీ పెట్టని కృత్యాలు బోలెడు. ఆ తేడా తెలియడానికి అన్నిటికంటే బాగా పనికొచ్చేది నీళ్లలో కొవ్వొత్తి ప్రయోగం, ఎందుకంటే ట్రైనీలందరూ దీన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు, చాలామందికి దాని వివరణ తప్పుగా తెలిసి ఉంటుంది.

పళ్లెంలో కొవ్వొత్తి నిలబెట్టి, చుట్టూ రంగు నీళ్లు పోసి, వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించాలి. మంట ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకు? "ఆక్సిజన్ ఖర్చయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి, గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు కాబట్టి నీళ్లు కూడా ఐదో వంతు ఎక్కాయి." వినడానికి ఎంత చక్కగా ఉందో!

ఇప్పుడు మళ్లీ చేయించండి, ఈసారి గ్లాసు బోర్లించే ముందే కాగితం మీద మూడు ప్రశ్నలకి జవాబులు రాయించి ముందుకి తీసుకోండి. నీళ్లు ఎప్పుడు ఎక్కుతాయి, మంట మండుతున్నంతసేపూ కొంచెం కొంచెంగానా, ఆరాకా? గ్లాసు అంచు దగ్గర ఏమైనా కనిపిస్తుందా? ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు అంతే ఎత్తు ఎక్కుతాయా, ఎక్కువా, తక్కువా? కాగితం ముందుకి తీసుకోవడం ఎందుకంటే, అది చేతిలో ఉంటే ఫలితం చూశాక "నేనూ అదే అనుకున్నా" అని దిద్దేసుకుంటారు. మనందరికీ ఉన్న గుణమే అది.

చేశాక కనిపించేది ఇది: గ్లాసు బోర్లించిన కొత్తలో అంచు దగ్గర నుంచి బుడగలు బయటికి పోతాయి. నీళ్లు మంట ఉన్నప్పుడు పెద్దగా ఎక్కవు, ఆరిన వెంటనే గబగబా ఎక్కుతాయి. మూడు కొవ్వొత్తులతో ఇంకా ఎత్తుకి ఎక్కుతాయి. గదిలో గాలి అదే, గ్లాసు అదే, మరి ఆక్సిజన్ ఎలా ఎక్కువైంది? ఆక్సిజన్ కథ ఈ మూడింటిలో దేన్నీ వివరించలేదు. వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది, మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి సంకోచించింది, బయటి గాలి పీడనం నీళ్లని లోపలికి నెట్టింది, అంటే మూడూ సరిపోతాయి. నిజానికి లోపలి ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది. ఈ వివరణ కూడా మీరు చెప్పకుండా, "బుడగలు ఎందుకు వచ్చినట్టు?" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వాళ్ల చేతే లాగించండి, కొంచెం టైం పడుతుంది గానీ వస్తారు.

ఊహించు, చూడు, వివరించు అనే ఈ పద్ధతిని 1990ల మొదట్లో రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ అనే విద్యా పరిశోధకులు బాగా ప్రచారంలోకి తెచ్చారు. ట్రైనీలు రాసే ప్రతి లెసన్ ప్లాన్‌లోనూ పిల్లలు ఊహ రాసే చోటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. లేకపోతే ప్లాన్ వెనక్కి.

4. పుస్తకంలోని ప్రయోగాన్ని పరిశోధనగా మార్చడం నేర్పండి

పాఠ్యపుస్తకాల్లో చాలా ప్రయోగాలు ఇది తీసుకో, అది కలుపు, ఇలా వస్తుంది చూడు అన్న ధోరణిలో ఉంటాయి. ఫలితం ముందే అచ్చయి ఉంటుంది. ట్రైనీకి ఆ పేజీ ఇచ్చి, పెన్సిల్‌తో కొట్టేయమనండి: ముందు ఫలితం చెప్పే వాక్యం, తర్వాత గీసిపెట్టిన టేబుల్, ఆ తర్వాత పిల్లలే నిర్ణయించుకోగల ప్రతి మెట్టూ. మిగిలినదే పాఠం.

దీనికి లోలకం మంచి ఉదాహరణ. "ఒక ఊపుకి, అంటే అటు వెళ్లి మళ్లీ వెనక్కి రావడానికి, పట్టే కాలం దేని మీద ఆధారపడుతుంది?" అన్న ప్రశ్న తప్ప ఇంకేమీ ఇవ్వకండి. దారం, వాషర్లు, స్కేలు, గడియారం బల్ల మీద పెట్టండి. బరువు అంటారు, దారం పొడవు అంటారు, ఎంత దూరం లాగి వదిలామో దాన్ని బట్టి అంటారు. సరే, ఎలా తేలుస్తారు? ఒకేసారి రెండు మార్చే గ్రూపు తప్పకుండా ఉంటుంది, వాళ్లని ఆపకండి, చివర్లో "మరి తేడా వచ్చింది దేనివల్ల?" అని పక్క గ్రూపే అడుగుతుంది. ఒక్క ఊపుని కొలవబోయి ప్రతిసారీ వేరే అంకె వచ్చి విసుక్కుంటారు. గడియారం నొక్కే చేతికి సెకనులో కొంత భాగం ఆలస్యం ఉంటుంది కదా, పది ఊపులు కొలిచి పదితో భాగిస్తే ఆ పొరపాటు కూడా పదో వంతవుతుంది. ఇది వాళ్లకే తట్టేదాకా ఆగగలిగితే ఆగండి. 25 సెంటీమీటర్ల లోలకానికి దాదాపు ఒక సెకను, మీటరు లోలకానికి దాదాపు రెండు సెకన్లు రావాలి, మీరు మనసులో పెట్టుకోండి చాలు.

ఇందులో ఒక చిన్న ఉచ్చు ఉంది, ట్రైనర్‌గా మీకు ముందే తెలిసుండాలి. బరువు పెంచడానికి వాషర్లని ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే లోలకం పొడవు కూడా పెరిగిపోతుంది, కాలం పెరుగుతుంది, "బరువు పెరిగితే నెమ్మదిస్తుంది" అని గట్టిగా రాసేస్తారు. వాషర్లన్నీ ఒకే కొక్కేనికి తగిలిస్తే ఆ తేడా మాయమవుతుంది. రెండు గ్రూపులు రెండు రకాలుగా తగిలించి వేర్వేరు ఫలితాలతో వాదించుకుంటే అదృష్టం అనుకోండి. వాదన పూర్తి కానివ్వండి. ఎవరిది కరెక్టో మీరు చెప్పకుండా, ఒకరి లోలకం దగ్గరికి ఇంకొకరిని పంపించండి. కొసరుగా, మరీ ఎక్కువ దూరం లాగి వదిలితే కాలం కొద్దిగా పెరుగుతుంది, అందుకని చిన్న ఊపులతోనే చేయించండి.

పేరు ఎప్పుడు చెప్పాలి అని ట్రైనీలు అడుగుతారు, ఒక ఊపుకి పట్టే కాలానికి "ఆవర్తన కాలం" లాంటి మాటలు. అనుభవం అయ్యాకే. 1960లలో అమెరికాలోని బర్కిలీలో రాబర్ట్ కార్‌ప్లస్ అనే భౌతిక శాస్త్రవేత్త చిన్న పిల్లల సైన్స్ మీద పనిచేస్తూ ఈ వరసనే పెట్టాడు: ముందు పిల్లలు వస్తువుతో తిరుగులాడాలి, తర్వాత టీచరు దానికి పేరూ భావనా ఇవ్వాలి, ఆ తర్వాత దాన్నే కొత్త చోట వాడి చూడాలి. పేరు ముందు చెప్పేస్తే, పిల్లలు చూడటం మానేసి ఆ పేరునే పట్టుకుని కూర్చుంటారు.

అన్నీ చేతులతో చేయించాలని పట్టుబట్టకండి కూడా. అణువుల లోపలి సంగతి, లక్షల ఏళ్లలో జరిగిన జీవపరిణామం, నక్షత్రాల దూరాలు, వీటికి థర్మోకోల్ బంతులు అతికించి కృత్యం అనిపించడం కంటే మంచి బొమ్మ, మంచి కథ, మంచి ప్రశ్న నయం. ఏది చేయించాలో ఏది చెప్పాలో తేల్చుకోవడం కూడా ట్రైనింగ్‌లో భాగమే.

5. ప్రశ్న అడిగి ఆగడం ప్రాక్టీస్ చేయించండి

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసు రికార్డింగులు విని గమనించింది ఏమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారు, ఆ తర్వాత తామే జవాబు చెప్పేస్తారు లేదా ఇంకొకరిని అడిగేస్తారు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడతారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఖర్చు లేని పని, కానీ చాలా కష్టం. మూడు సెకన్ల నిశ్శబ్దం ముందు నిలబడ్డవాళ్లకి ఓ యుగంలా ఉంటుంది.

అందుకే సూక్ష్మ బోధన వాడండి. 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి ఇది, ఐదు నుంచి పది నిమిషాల పాఠం, నలుగురైదుగురు శ్రోతలు, ఒకే ఒక్క నైపుణ్యం, వెంటనే సలహా, మళ్లీ అదే పాఠం. ఒక ట్రైనీ పాఠం చెబుతుంటే ఇంకొకరు గడియారం పట్టుకుని ప్రతి ప్రశ్న తర్వాత ఎంత సేపు ఆగారో రాయాలి. ఫోన్లో రికార్డు చేసి వాళ్లకే చూపించండి, మీరు వంద సార్లు చెప్పినదానికంటే ఆ రికార్డింగు బాగా పనిచేస్తుంది.

రెండు మాటలు నిషేధించండి. ఒకటి "అర్థమైందా?". దానికి పిల్లలు ఎప్పుడూ అవుననే అంటారు. రెండోది, సరైన జవాబు రాగానే "వెరీ గుడ్". ఆ మాట పడగానే మిగతా పిల్లలు ఆలోచించడం ఆపేస్తారు, పని అయిపోయిందని తెలిసిపోతుంది కాబట్టి. దానికి బదులు "ఓహో, ఎలా చెప్పగలవు?" అనడం, తప్పు జవాబుకీ అదే గొంతుతో అదే మాట అనడం అలవాటు చేయించండి. గొంతు మారితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

6. సామాను, టైం, గోల

ట్రైనీలు ప్రయోగాలు మానేయడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. క్లాసు చేయి దాటిపోతుందేమోనని భయం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, పద్ధతిగా నేర్పండి.

సూచనలన్నీ సామాను ఇవ్వకముందే చెప్పాలి, చేతిలో వస్తువు పడ్డాక ఎవరూ వినరు. చర్చకి ముందు సామాను వెనక్కి తీసుకోవాలి, కనీసం బల్ల మధ్యలో పెట్టించాలి. గ్రూపుకి ముగ్గురు నలుగురు మించితే ఒకరు చేస్తారు మిగతావాళ్లు చూస్తారు. ఎప్పుడూ ఒకే పిల్లాడు రాసేవాడుగా, ఒకే పిల్లాడు చేసేవాడుగా ఉండిపోకుండా పనులు మార్చాలి, ఆడపిల్లలు రాతకీ మగపిల్లలు పరికరాలకీ పరిమితమైపోతున్నారేమో ప్రత్యేకంగా చూడాలి. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో చేతిపని ఇరవై నిమిషాలు మించకపోతే మంచిది, ఊహకి ఐదారు, చర్చకి కనీసం పది నిమిషాలు ఉండాలి. టైం చాలకపోతే చేతిపనిలో కోయమనండి. అందరూ చర్చనే కోసేస్తారు, అప్పుడు మిగిలేది ఆటే.

ఇంకా, ఏ ప్రయోగమైనా ముందు రోజు అదే సామానుతో చేసి చూసుకోవాల్సిందే, "నాకు తెలిసిందే" అన్నా సరే. సెల్లులో చార్జి ఉండదు, గ్లాసు మూతి కొవ్వొత్తి మీద పట్టదు, ఇలాంటివే పాఠాన్ని ముంచేది.

7. భద్రత

దీని మీద బేరాలు లేవు. ఆమ్లాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా కలపాలి గానీ ఆమ్లంలో నీళ్లు పోయకూడదు, అదీ టీచరే చేయాలి. రసాయనాలు, వేడి వస్తువులు ఉన్న చోట కళ్లద్దాలు తప్పనిసరి. జుట్టు ముడి వేసుకోవాలి, వేలాడే బట్టలు మంటకి దూరంగా ఉండాలి. వేడిగా ఉన్న స్పిరిట్ ల్యాంపులో స్పిరిట్ నింపకూడదు. ల్యాబులో ఏదీ రుచి చూడకూడదు, పంచదారే అని తెలిసినా. భూతద్దం లోంచి గానీ, వట్టి కళ్లతో గానీ సూర్యుణ్ణి చూడనివ్వకూడదు. పాదరసం థర్మామీటరు పగిలితే చేత్తో ఎత్తకూడదు, అసలు పిల్లల చేతికి అవి ఇవ్వకపోవడమే మేలు.

ట్రైనీ ప్రతి ప్లాన్ పైన "ఇందులో ఏం జరగొచ్చు, జరిగితే నేనేం చేస్తాను" అని రెండు లైన్లు రాయాలి. రాయకపోతే ఆ ప్రయోగం క్లాసులోకి వెళ్లడానికి వీల్లేదు.

8. నిజం క్లాసులోకి పంపించండి, అదే పాఠం రెండుసార్లు

ప్రాక్టీస్ టీచింగ్‌లో రోజుకో కొత్త పాఠం చెప్పించడం కంటే, ఒకే పాఠాన్ని రెండు సెక్షన్లలో చెప్పించడం నాకు బాగా నచ్చే పద్ధతి. మొదటిసారి బెడిసికొట్టినవి రాసుకుని, మార్చుకుని, రెండు రోజుల్లో మళ్లీ చెబుతారు. మార్పు తన కళ్లకే కనిపిస్తుంది.

మీరు వెనక బెంచీలో కూర్చున్నప్పుడు మార్కుల ఫారం పక్కన పెట్టి రెండు విషయాలు రాయండి: రెండేసి నిమిషాలకొకసారి గదిలో మాట్లాడుతున్నది ఎవరు, వస్తువు ఎవరి చేతిలో ఉంది. పీరియడ్ అయ్యాక ఆ కాగితం ఏ వ్యాఖ్యా లేకుండా ట్రైనీకి ఇచ్చి, ముందు తననే మాట్లాడనివ్వండి.

ప్రయోగం ఫెయిలైతే ఏం చేయాలో కూడా ముందే ప్రాక్టీస్ చేయించాలి. చాలామంది కంగారులో "ఇలా రావాలి, రాసుకోండి" అనేస్తారు, దాంతో పిల్లలకి అర్థమయ్యేది ఒక్కటే, కళ్లకి కనిపించిన దానికంటే పుస్తకంలో ఉన్నదే గొప్ప అని. దానికి బదులు "మనం అనుకున్నట్టు రాలేదు, ఎందుకయ్యుంటుంది? ఏం మార్చి చూద్దాం?" అనాలి. సూక్ష్మ బోధనలో మీరే కావాలని చార్జి అయిపోయిన సెల్లు ఇచ్చి దీన్ని అలవాటు చేయించవచ్చు.

9. కొలిచే తీరు మార్చండి

మీరు ఇదంతా చేయించి, చివర్లో ట్రైనీలకి "కృత్యాధార బోధన నిర్వచించి ప్రయోజనాలు రాయుము" అని పరీక్ష పెడితే చేసిందంతా నీళ్లపాలు. పరీక్షలో బల్ల మీద వస్తువులు పెట్టండి. వాళ్లెప్పుడూ చూడని ఒక చిన్న సమస్య ఇచ్చి, పరిశోధన ఎలా చేస్తారో చేసి చూపించమనండి. పిల్లల నోటు పుస్తకాల్లోంచి తీసిన తప్పు బొమ్మ ఒకటి ఇచ్చి, ఆ పిల్లాడు ఏమనుకుని ఉంటాడు, మీరు తర్వాత ఏ వస్తువు చేతికిస్తారు అని అడగండి.

ఇది కుదిరే పనే. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 బడులతో మొదలైన హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ప్రయోగాల ద్వారానే సైన్స్ నేర్చుకున్నారు, పరీక్షలకి పుస్తకాలు తెరిచి రాశారు, ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. అది 2002 దాకా నడిచింది. అందులో టీచర్ల నెలవారీ సమావేశాలు ముఖ్యమైన భాగం, మీరు తప్పక తీసుకోవాల్సింది అదే.

కాబట్టి కోర్సు అయిపోయాక వాళ్లని వదిలేయకండి. వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో తాము పోగుచేసుకున్న సామాను పెట్టె ఒకటి ఉండాలి: సెల్లులు, బల్బులు, వైర్లు, అయస్కాంతాలు, దారం, వాషర్లు, భూతద్దాలు, గొట్టాలు, బెలూన్లు. మొదటి ఏడాది నెలకోసారి, ముఖాముఖి కుదరకపోతే ఫోన్లో అయినా, అందరూ కలవాలి. ఆ సమావేశానికి ఒకటే నియమం పెట్టండి, ప్రతి ఒక్కరూ ఆ నెలలో చేయించిన ఒక ప్రయోగం, పిల్లల నోటు పుస్తకాలు మూడు పట్టుకు రావాలి. బాగా రాసిన పుస్తకం ఒకటి, మామూలుది ఒకటి, ఏమీ అర్థం కానట్టు ఉన్నది ఒకటి. మూడోదాన్ని ముందు తెరవండి.